వెయ్యి వాట్ల పెట్టె

కొమరగిరి విశ్వపతికి ఏ సంగతైనా రెండు వాక్యాల్లో చెప్పే అలవాటు. మొదటి వాక్యంలో శుభవార్త, రెండో వాక్యంలో దానికి తీసుకోవలసిన జాగ్రత్త. ఇన్నేళ్ళ సర్వీసులో అతను గ్రహించని విషయం ఒక్కటే. సర్కారు మీటింగుల్లో మొదటి వాక్యం పూర్తికాగానే చప్పట్లు కొట్టేస్తారు.

గోదావరి ఒడ్డున ఉన్న జలవిస్తార అంచనా కేంద్రంలో అతను సాంకేతిక సలహాదారు. ఎగువన వానలు దంచుతున్నాయని కబురు రాగానే, నది మధ్య దిబ్బల మీద ఊళ్ళున్న లంకల్లో నీళ్ళు ఎందాకా ఎక్కుతాయో లెక్కగట్టి, పటం గీసి చెప్పడం ఆ కేంద్రం పని. లంకలన్నిటినీ చదరంగం బల్లలా గళ్ళు గళ్ళుగా విడగొట్టి, ఈ గడిలో ఎంత నీరు నిలుస్తుంది, పక్క గడిలోకి ఎంత పారుతుంది అని కట్టే లెక్క అది. మనుషులు కూర్చుని కడితే వరద వచ్చి, పోయి, ఒండ్రు మీద కూరపాదులు కాపుకొచ్చినా తేలదు. అందుకని ఏసీ గదిలో ఒక కంప్యూటరు పెట్టారు. దానిలో రెండు గ్రాఫిక్స్ కార్డులు ఉన్నాయి. మామూలుగా అవి తెర మీద బొమ్మలు కదిలించడానికి పనికొచ్చేవి. కాని ఒకేసారి వేల చిన్న లెక్కలు చెయ్యగలవు కాబట్టి వరద లెక్కకి వాటిని మించినవి లేవు. అంత చేసినా పొద్దున మొదలుపెడితే దీపాలవేళకు గాని పటం చేతికి వచ్చేది కాదు.

రాజధాని నుంచి ఆక్షేపణ వచ్చింది. పక్క జిల్లాలోని అంచనా కేంద్రం మధ్యాహ్నానికే పటం పంపేస్తోంది, మీకేం రోగం అని. పక్క జిల్లావాళ్ళు పంపుతున్నది నిరుటి పటమేనని చాలాకాలం తరవాత తెలిసిందిలెండి. అప్పటికి మాత్రం డైరెక్టరు ఉప్పలూరి అనంతశయనంగారికి నిద్ర పట్టలేదు. మధ్యాహ్నం పూట కూడా పట్టలేదు.

ఆయన సిబ్బందినందరినీ పిలిచారు. అనంతశయనంగారు మాట్లాడినా ఫైలు రాసినట్టే ఉంటుంది. ఇంట్లో మజ్జిగ అడిగినా "సరఫరా చేయవలసిందిగా కోరడమైనది" అంటారని కేంద్రంలో ఒక వదంతి.

"వేగం పెంపుదల అను అంశముపై సిబ్బంది తమ అమూల్యమైన సూచనలను, నిధులతో నిమిత్తము లేకుండా, తెలియజేయవలసిందిగా కోరడమైనది" అన్నారు.

నోరెత్తినవాడి నెత్తినే పని పడుతుందన్న పాఠం అక్కడ అందరూ నేర్చుకున్నదే. విశ్వపతి కూడా నేర్చుకున్నాడు. కాని అతనికి ఇంట్లో సొంత కంప్యూటరు ఉంది. అందులో కారు పందేలు ఆడతాడు. ఆ కార్లు మరింత నున్నగా పరుగెత్తాలని తన కార్డు వేగం తనే పెంచుకున్నాడు. ఈ విద్య తనకు తెలుసని తెలిసినవాళ్ళు లోకంలో ఎవరూ లేరే అన్న బెంగ అతన్ని చాన్నాళ్ళుగా తొలుస్తోంది. తెలిసినదొక్క భార్య హైమావతికే. ఆవిడ దాన్ని విద్య కింద జమకట్టదు.

"ఓవర్‌క్లాక్ చెయ్యొచ్చు సార్" అన్నాడు విశ్వపతి లేచి. "ఫ్యాక్టరీవాళ్ళు కార్డుకి ఒక వేగం పెట్టి పంపుతారు. దాన్ని మనం కొంచెం పైకి తొయ్యొచ్చు. పైసా ఖర్చుండదు."

చప్పట్లు మోగాయి. "కాకపోతే అవి కరెంటు ఎక్కువ తాగుతాయి, వేడెక్కుతాయి, అందుకని ముందు పవర్ సప్లై పెద్దది వెయ్యాలి" అన్న రెండో వాక్యం ఆ చప్పట్లలో కొట్టుకుపోయింది. విశ్వపతి దాన్ని మళ్ళీ చెబుదామనుకున్నాడు. కాని అందరూ తనవైపే చూస్తున్నారు. అనంతశయనంగారు కూడా కళ్ళు పూర్తిగా తెరిచి చూస్తున్నారు. అలాంటి క్షణంలో జాగ్రత్తలు చెప్పడం పెళ్ళిపందిట్లో తుమ్మినట్టు ఉంటుందనిపించి కూర్చున్నాడు.

"దానికి తెలుగు మాట ఏదో సమర్పించగలరా?" అన్నారు డైరెక్టరు.

విశ్వపతి వరండాలోకి వెళ్ళి హైమావతికి ఫోను చేశాడు. ఆవిడ హైస్కూల్లో తెలుగు పంతులమ్మ.

"వేగవర్ధనం అనండి" అందావిడ. "ఏం, ఆఫీసులో కూడా మొదలెట్టారా? అయితే పక్కనే ఫైరింజనుకి తెలుగు కూడా అడిగి పెట్టుకోండి."

ఆ వారంలోనే ఉత్తర్వు వెలువడింది. కేంద్రమంతటా వేగవర్ధన వారోత్సవాలు. ఖర్చు లేకుండా కంప్యూటరు వేగం పెరిగినప్పుడు మిగతావి ఎందుకు పెరగకూడదన్నది డైరెక్టరుగారి తర్కం. ఫైళ్ళు ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదికి వేగవర్ధితంగా కదలాలన్నారు. దాంతో ఎవరూ చదవకుండానే సంతకాలు పెట్టి తోసేశారు. చిత్రమేమిటంటే పనులేమీ చెడలేదు. 'క్లాక్' అన్నమాట ఉంది గనక గోడగడియారాన్ని కూడా వేగవర్ధనం చెయ్యాలని ఎవరో వ్యాఖ్యానం చెప్పారు. గడియారాలు బాగుచేసేవాణ్ణి పిలిపించి ముల్లు కాస్త చురుగ్గా తిరిగేట్టు సర్దించారు. సాయంత్రం అందరూ ఎండలోనే ఇళ్ళకు బయల్దేరారు. సిబ్బందిలో ఈ పథకానికి వచ్చినంత ఆదరణ ఇంతకుముందు దేనికీ రాలేదు.

ఆ సందడిలో విశ్వపతి ఏసీ గదిలో కూర్చుని తన పని తను చేసుకున్నాడు. ఇక్కడ అతనికి అన్యాయం చెయ్యకూడదు. మొదట్లో అతను శాస్త్రోక్తంగానే చేశాడు. వేగం ఒక్క మెట్టు పెంచడం, కాసేపు బరువైన లెక్క అప్పజెప్పి వేడి ఎంతదాకా పోతోందో చూడడం, తెరమీద పిచ్చి చుక్కలేవీ రాకపోతే ఇంకో మెట్టు ఎక్కడం, వస్తే రెండు మెట్లు దిగిపోవడం. అలా ఎక్కీ దిగీ, పదోవంతు వేగం పెరిగిన చోట ఆగాడు. ఉన్న పవర్ సప్లై అక్కడికే రొప్పుతోంది. దాని ఫ్యాను ఆయాసం రోగిలా కూస్తోంది.

"పదోవంతు పెరిగింది సార్. ఇంతకన్నా వెళ్ళాలంటే పవర్ సప్లై మార్చాలి."

"పదోవంతును ప్రారంభదశగా పరిగణించడమైనది" అన్నారు డైరెక్టరు. "మార్పు విషయమై అకౌంట్సు విభాగమును సంప్రదించునది."

అకౌంట్సు ఆఫీసరు బొర్రా సత్యవేణిగారు. గొంతెత్తి మాట్లాడి ఎరగరు, మాట తూలి ఎరగరు. పన్నెండుమంది డైరెక్టర్లను చూశానని చెబుతారు, చూసినట్టే ఉంటారు. విశ్వపతి అర్జీని కళ్ళజోడు కిందనుంచి చదివారు.

"ఈ పెట్టె లెక్కలు చేస్తదాండి?"

"చెయ్యదండి."

"పటం గీస్తదా?"

"అది కార్డులు గీస్తాయండి. ఇది వాటికి కరెంటు ఇస్తుంది. గోడలో వచ్చే కరెంటు వాటికి సరిపడదు. ఈ పెట్టె దాన్ని మార్చి, ఎవరికెంత కావాలో అంత పంచుతుందన్నమాట."

"కరెంటివ్వడానికి విద్యుత్ శాఖ ఉంది కదండి. నెలనెలా బిల్లు కడుతున్నాం. ఒకే పనికి ఇద్దరికి చెల్లిస్తే ఆడిట్‌వాళ్ళు ఊరుకుంటారా?"

విశ్వపతి ఊపిరి పీల్చుకుని మొదట్నుంచీ చెప్పాడు. రెండు కార్డులూ, మిగతా సరంజామా కలిపి గట్టిగా పనిచేసేటప్పుడు ఏడువందల వాట్ల దాకా లాగుతాయి. అందుకని వెయ్యి వాట్ల పెట్టె కావాలి.

"ఏడొందలు చాలినప్పుడు మూడొందలు దేనికండి?"

"మిగులు ఉండాలండి. కార్డులు ఒక్కోసారి ఉన్నట్టుండి గుక్కపట్టి లాగుతాయి. ఎప్పుడూ పీకలదాకా నడిపిస్తే పెట్టె కాలిపోతుంది."

'మిగులు' అన్నమాట వినగానే సత్యవేణిగారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు.

"ఆ మాట కాగితం మీద పెట్టకండి బాబూ. మిగులుంటే మార్చి నెలాఖరుకి వెనక్కి పంపెయ్యాలి. మీ మూడొందల వాట్లూ రాజధానికి ఎలా పంపుతాం? అదీగాక, ఏడాదికి వరదొచ్చేది ఎన్నాళ్ళండి? మిగతా రోజులు కూడా కలిపి సగటు కడితే మీ కార్డులు తాగేది పట్టుమని బల్బంత కూడా ఉండదు. సగటు ప్రకారం చూస్తే ఇప్పుడున్న పెట్టే ఎక్కువ."

విశ్వపతి గోదావరి సగటు లోతు మోకాలికి మించదని, అలాగని నడిచి దాటమంటే దాటుతారా అని అడుగుదామనుకున్నాడు. కాని ఆవిడ తప్పుగా మాట్లాడలేదు. ఆవిడ పుస్తకాల ప్రకారం అంతా ఒప్పే. చివరికి ఆవిడే దయతలచి, 'మిగులు' అన్నచోట 'ఆపద్ధర్మ వాట్లు' అని దిద్ది, టెండరు పిలిచారు. అందరికన్నా తక్కువకి ఇస్తానన్నవాడికి ఆర్డరు వెళ్ళింది.

పెట్టె వచ్చింది. మంచి పవర్ సప్లైని చేతిలోకి తీసుకుంటే మణికట్టు కిందికి దిగాలి. ఇది మరమరాల పొట్లంలా లేచొచ్చింది. పైన మాత్రం '1000' అన్న అంకె తళతళా మెరుస్తోంది. లోపలి సరుక్కన్నా లేబులుకే ఎక్కువ ఖర్చయి ఉంటుంది. పైగా, రెండు కార్డులకు రెండు విడివిడి తీగలుండాలి. దీనికి ఒకటే తీగ వచ్చి, చివర రెండు పాయలుగా చీలింది.

"ఇది వెయ్యి వాట్లది కాదండి. సగం కూడా ఇవ్వదు" అన్నాడు విశ్వపతి.

"లేబుల్ మీద వెయ్యి ఉందా లేదాండి?"

"ఉంది. లోపలే లేదు."

"లోపల చూసే అధికారం మనకి లేదండి. సీలు విప్పితే వారంటీ పోతది. లేబుల్ చూసుకుని సంతకం పెట్టండి."

ఇక్కడ విశ్వపతి సంతకం పెట్టకపోయి ఉంటే ఈ కథ లేదు. పెట్టననే అనుకున్నాడు. కలం మూత కూడా పెట్టేశాడు. సరిగ్గా అప్పుడే డైరెక్టరుగారి దగ్గరినుంచి పిలుపు. వారోత్సవాల ముగింపు సభలో అతనికి శాలువా కప్పి 'వేగవర్ధన శిరోమణి' బిరుదు ఇస్తారట. కొత్త పెట్టె బిగించి పని పూర్తయినట్టు కాగితం ఉంటేనే బిరుదు ఇవ్వడానికి వీలట. విశ్వపతి కాసేపు ఆలోచించాడు. నిజం చెప్పాలంటే పెద్దగా ఆలోచించలేదు. జేగురు రంగు శాలువా అయితే తనకు నప్పుతుందా అన్నదే ఎక్కువగా ఆలోచించాడు. కలం మూత మళ్ళీ తీశాడు.

శాలువా భుజాన వేసుకుని ఇంటికి వెళ్ళినప్పుడు హైమావతి ఎగాదిగా చూసింది.

"శిరోమణి అంటే తలమీద పెట్టుకునేది. భుజాన కప్పారేం?" అంది.

"నీకన్నీ వేళాకోళాలే. ఈ జిల్లాలో ఈ విద్య తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే."

"కాలితే ఆర్పడం తెలిసినవాళ్ళు ఎంతమందున్నారో కూడా కనుక్కోండి మరి."

ఆ తరవాత కథ నిచ్చెన ఎక్కడమే. కేంద్రం గుమ్మం పక్కన ఒక బోర్డు పెట్టారు, 'నేటి వేగవర్ధన శాతం' అని. ప్రతి సోమవారం ఆ అంకె పెరగాలి. పెరగకపోతే డైరెక్టరు "ప్రగతి కుంటుపడిన కారణములు" అడుగుతారు. పెరిగితే వరండాలో ఎదురైనవాళ్ళంతా విశ్వపతికి నమస్కారం పెడతారు. మొదట్లో ఒక్కో మెట్టే ఎక్కిన మనిషి ఇప్పుడు రెండేసి మెట్లు ఎక్కుతున్నాడు. బరువైన లెక్క అప్పజెప్పి పరీక్షించడం కూడా మానేశాడు. పరీక్ష పెడితే ఫెయిలవుతుందని తెలిసినవాడు పరీక్ష వాయిదా వేయిస్తాడు, అంతే. పాత పెట్టెని అప్పుడే తుక్కు కింద వేలం వేసేశారు. కొత్త పెట్టె గీపెడుతోంది, దానినుంచి కాలిన ప్లాస్టిక్కు వాసన సన్నగా వస్తోంది. కొత్తది కదా, అలాగే ఉంటుందిలే అని తనకు తనే చెప్పుకున్నాడు. బయటివాడెవడైనా ఆ మాటంటే కడిగేసేవాడు.

ఒకనాడు నమూనాకని వేసిన పటంలో కొండమీది గెస్ట్‌హౌసులో నడుంలోతు నీళ్ళు కనిపించాయి. నదిలో మాత్రం చుక్క లేదు. వేగం హద్దు మీరితే కార్డులు లెక్క తప్పుతాయి, తప్పినట్టు చెప్పవు. విశ్వపతి ఆ పటం పట్టుకుని డైరెక్టరు గదికి పరుగెత్తాడు.

అనంతశయనంగారు పటాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "గెస్ట్‌హౌసు వరద ప్రమాదమునకు గురియగుచున్నట్లు శాస్త్రీయముగా రుజువైనది. మరమ్మతు నిధులకు దీనిని జతపరచవచ్చును" అన్నారు సంతృప్తిగా.

"తప్పు లెక్క సార్ అది! వేగం తగ్గించాలి."

"ఎల్లుండి కార్యదర్శిగారి సందర్శన ఉన్నది. మూడోవంతు వేగము పెరిగినదని వారికి నివేదించడమైనది. తగ్గింపును సందర్శనానంతరము పరిశీలించవచ్చును."

విశ్వపతి మళ్ళీ కాదనలేకపోయాడు. కార్యదర్శిగారికి పరిచయం చేస్తామన్నారు మరి. ఆయన వెళ్ళీ వెళ్ళగానే వేగం తగ్గించేద్దాంలే అనుకున్నాడు.

కార్యదర్శిగారు వచ్చిన రోజు తెల్లవారుజాము నుంచీ కుండపోత. ఎగువన అంతకు రెండింతలు కురుస్తోందని కబురు. పొద్దున్నే గుమ్మంలో కార్లు ఆగుతుండగానే, చింతావారిలంక నుంచి గెడ్డం వీర్రాజు పడవలో రేవు దాటి వచ్చాడు. లంకలో పాడి సంఘానికి పెద్ద అతను. తడిసిన కండువా పిండుకుంటూ ఏసీ గది ముందు నిలబడి, విశ్వపతిని చూసి ఒక్క అంగలో దగ్గరకొచ్చాడు.

"ఆయ్, సలహాదారుగారండి! నీళ్ళు ఎందాకా వత్తాయండి? గేదెల్ని తోలుకొచ్చెయ్యమంటారా, ఉంచెయ్యమంటారా? తోలుకొచ్చాక నీళ్ళు రాపోతే మావోళ్ళు నన్ను తంతారండి. నిరుడలాగే జరిగింది. వచ్చాక తోలదామంటే మరి పడవలు చాలవు కదండి."

"కూర్చో వీర్రాజూ, ఇవాళ మధ్యాహ్నానికే చెప్పేస్తాం" అన్నాడు విశ్వపతి. ఆ 'మధ్యాహ్నానికే' అన్నది కార్యదర్శిగారికి వినబడాలని కాస్త గట్టిగా అన్నాడు.

కొత్త వేగానికి ప్రారంభోత్సవం జరిగింది. కంప్యూటరుకి బొట్టు పెట్టారు. పూలదండ వేశారు. ఎవరో భక్తి కొద్దీ శాలువా కూడా కప్పారు. గాలి వెళ్ళే చిల్లులన్నీ దండా శాలువా కలిసి మూసేశాయి. విశ్వపతి శాలువా తీయబోతే డైరెక్టరు కళ్ళతోనే వారించారు, ఫోటోలు తీస్తున్నారు. కార్యదర్శిగారు మీట నొక్కారు. రెండు కార్డులూ ఒక్కసారి గుక్కపట్టి కరెంటు లాగాయి.

'ఠప్' మన్నది.

తరవాత సన్నటి పొగ. శాలువా అంచు నుంచి సాంబ్రాణి ధూపంలా లేచింది. గదిలో దీపాలు కూడా పోయాయి.

"వేగవర్ధనము తన గరిష్ఠ స్థాయిని చేరుకున్నట్లు గమనించడమైనది" అన్న డైరెక్టరుగారి గొంతు వినబడింది.

కార్యదర్శిగారు చాలా అనుభవజ్ఞులు. కంగారు పడలేదు. "ఎంత వేగంగా జరిగింది!" అని మెచ్చుకుని, ఫలహారం ఏర్పాట్లు ఎక్కడో కనుక్కుంటూ బయటికి నడిచారు. వెనకే దండు కదిలింది. ఏసీ గదిలో విశ్వపతి, వీర్రాజు మిగిలారు. వీర్రాజు ఏమీ అర్థంకాక, మర్యాదగా అడిగాడు.

"అయితే మధ్యాహ్నానికి వచ్చేత్తదంటారా అండి, పటం?"

అతను ఎకసెక్కంగా అడగలేదు. నిజంగానే అడిగాడు. విశ్వపతికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తిట్టినా బాగుండునని అనిపించింది. నిన్నటిదాకా నమస్కారాలు పెట్టినవాళ్ళ ముఖాలు ఒక్కటీ గుర్తు రాలేదు. ఈ తడి కండువా మనిషి ముఖం మాత్రం ఇక మరపు రాదని తెలిసిపోయింది.

"ఇక్కడే ఉండు. కదలకు" అని, స్కూటరు తీసి వానలో ఇంటికి పోయాడు.

వానకి బడి సెలవిచ్చారేమో, హైమావతి ఇంట్లోనే ఉంది. నీళ్ళోడుతూ లోపలికొచ్చి, చెప్పులైనా విప్పకుండా తన కంప్యూటరు ముందు చతికిలబడి మరలు విప్పుతున్న మొగుణ్ణి చూసింది. ఆ కంప్యూటరులో ఉన్న పవర్ సప్లై మేలైనది, బరువైనది. ఎప్పటికైనా రెండో కార్డు కొనకపోతానా అన్న ఆశతో, ఒక్క కార్డుకి అక్కర్లేనంత పెద్దది చూసి కొన్నాడు. రెండో కార్డుకి హైమావతి ఒప్పుకోలేదు. ఆ పెట్టె మీద వాళ్ళిద్దరికీ ఒక దీపావళంతా మాటల్లేవు.

"కాలిందా?" అంది.

"కాలింది."

ఇంకో మాట అంటుందని చూశాడు. ఆవిడ టార్చిలైటు తెచ్చి పట్టుకుంది. పెట్టె బయటికొచ్చాక, బియ్యం తెచ్చిన ప్లాస్టిక్ సంచి తెచ్చి మూడు పొరలు చుట్టి ఇచ్చింది.

కేంద్రానికి తిరిగొచ్చేసరికి కరెంటు వచ్చింది. దండా శాలువా తీసి బయట పారేశాడు. కాలిన పెట్టె విప్పి, కార్డులు బతికున్నాయో లేదోనని ఒక్కొక్కటీ చూశాడు. వాటి అదృష్టం, బతికే ఉన్నాయి. ఇంటి పెట్టె బిగించి, కార్డుకొక తీగ చొప్పున విడివిడిగా కలిపాడు. తరవాత వేగం తగ్గించాడు. మెట్టు మెట్టూ కాదు, ఒక్కసారే ఫ్యాక్టరీవాళ్ళు పంపిన వేగానికి దించేశాడు. బోర్డు మీది శాతమంతా ఒక్క నొక్కుతో పోయింది. పోతుంటే కొంచెం బాధగానే ఉంది. దాచుకోవడమెందుకు, అతను అలాంటి మనిషే.

"ఎప్పటికవుద్దండి?" అన్నాడు వీర్రాజు.

"దీపాలవేళకి. అంతకన్నా ముందు కాదు. కాని వచ్చింది నిజమై ఉంటుంది."

ఆ రోజంతా ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. క్యాంటీను నుంచి కార్యదర్శిగారి విందులో మిగిలిన పులిహోర వచ్చింది. వీర్రాజు తన గేదెల పేర్లన్నీ చెప్పాడు. ఫ్యాన్లు నిమ్మళంగా తిరుగుతున్నాయి. అంత నిదానమైన చప్పుడు ఆ గదిలో విని ఎన్నాళ్ళయిందో.

సందెచీకటి పడుతుండగా పటం వచ్చింది. నీళ్ళు నదిలోనే మొదలయ్యాయి, గెస్ట్‌హౌసు పొడిగా ఉంది. అక్కడికి విశ్వపతి ప్రాణం కుదుటపడింది. చింతావారిలంకలో పల్లపు వీధి, పశువుల పాకలు, బడి అరుగు దాకా నీలిరంగు పాకింది.

"తోలుకొచ్చెయ్ వీర్రాజూ. అన్నీ. ఇప్పుడే. నీళ్ళు తెల్లవారకముందే ఎక్కుతాయి" అని, ఈసారి మరో వాక్యం కూడా పూర్తిగా చెప్పాడు. "రాకపోతే నిన్ను కాదు, నన్ను తన్నమను. నేనే చెప్పానను."

వీర్రాజు ఫోనులో అరుచుకుంటూ రేవుకేసి పరుగెత్తాడు. మిగతా లంకలకు విశ్వపతే ఫోన్లు చేశాడు. ప్రధాన కార్యాలయం అనుమతి తీసుకోవాలన్న నియమం ఫోన్లన్నీ అయిపోయాక గుర్తొచ్చింది. తెల్లవారేసరికి నీళ్ళు వచ్చాయి. పాకలు మునిగాయి, బడి అరుగు తడిసింది. పాకల్లో మాత్రం కట్టుకొయ్యలు తప్ప ఏమీ లేవు. గేదెలన్నీ ఇవతలి గట్టుమీద నిలబడి నెమరేస్తున్నాయి. వీర్రాజు పాల బిందె ఒకటి కేంద్రానికి పంపించాడు. నమోదు చేసే పద్దు లేక సత్యవేణిగారు దాన్ని వెనక్కి పంపబోతే, సిబ్బంది అడ్డుపడి టీ పెట్టించారు.

విశ్వపతికి రెండు కాగితాలు వచ్చాయి. మొదటిది డైరెక్టరుగారు రాజధానికి పంపిన నివేదిక నకలు. వేగవర్ధనం వల్లనే లంకలు సురక్షితంగా బయటపడ్డాయని, ఈ పథకాన్ని రాష్ట్రమంతటా విస్తరించవచ్చని దాని సారాంశం. రెండోది అతనికే సంజాయిషీ నోటీసు. ప్రభుత్వ విద్యుత్తును సొంత పెట్టె గుండా, అనుమతి లేకుండా ప్రవహింపజేసినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోరాదో తెలుపవలసినది అని ఉంది. విశ్వపతి రెండూ చదివి, మొదటిదానిలో తన పేరు కోసం మళ్ళీ ఒకసారి వెతికాడు. లేదు. వెతికినందుకు తనను తనే తిట్టుకున్నాడు.

సంజాయిషీ రాసిచ్చాక గొడవ సద్దుమణిగింది. ఇంట్లో కంప్యూటరు డొల్లగా పడి ఉంది. ఒకరోజు నెమ్మదిగా సత్యవేణిగారి గదికి వెళ్ళాడు.

"మా పెట్టె తీసుకెళ్ళిపోతానండి. మీరు ఇంకోటి తెప్పించుకోండి."

"ఏ పెట్టండి?"

"పవర్ సప్లై. మా ఇంటిది."

ఆవిడ బీరువాలోంచి స్టాకు పుస్తకం తీసి చూసి, మళ్ళీ కూర్చున్నారు. గొంతులో కోపం లేదు, కొంచెం జాలి కూడా ఉంది.

"అది స్టాకులోకి ఎక్కిపోయిందండి. కేంద్రం గదిలో, కేంద్రం కంప్యూటరులో ఉన్న వస్తువు బయటిదని ఎలా రాస్తాం? నంబరేశాం. ఇప్పుడది సర్కారు సొత్తు."

"మరి నాకు తిరిగి ఇచ్చే దారే లేదాండి?"

"ఎందుకు లేదూ? పనికిరాదని తేలిన వస్తువుని వదిలించుకోవచ్చు. కాలిపోతే చెప్పండి, ఆ రోజే మీకిచ్చేస్తాను. ఎవరి సంతకం అక్కర్లేదు."

విశ్వపతి లేచాడు. వరండాలో నడుస్తూ ఏసీ గది ముందు ఆగి, తలుపు కొద్దిగా తోసి చూశాడు. మళ్ళీ మబ్బు పట్టింది. కార్డులు రెండూ కొత్త లెక్కలో పడ్డాయి. లోపలికి వెళ్ళి చెయ్యి పెట్టి చూస్తే పెట్టె గోరువెచ్చగా మాత్రమే ఉంది. చప్పుడైనా లేదు, వాసనైనా లేదు. నిండా పని చేస్తూ కూడా ఇంకా బోలెడు ఓపికుందన్నట్టు నిశ్చింతగా కూర్చుంది.

అది కాలే రకం కాదు. ఏళ్ళతరబడి చూసి, ఏరి కోరి, ఇంట్లో పోట్లాడి మరీ కొన్నాడాయె.